పట్టికలో లేని సంఖ్య

"సర్వరు పోయిందట" అన్న మాట 2024 మే నెలలో ఒక మధ్యాహ్నం స్టాఫు రూములో నా చెవిన పడింది. చెప్పినాయన ఆ మాటను ఊళ్ళో ఎవరో పండు ముసలి పోయాడని చెప్పినట్టే చెప్పి, క్యారియరు విప్పుకున్నాడు. వయసు తీరింది, పోయింది. అందులో విచారించవలసింది ఏముందన్న ధోరణి. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

మా కళాశాల పేరు ఇక్కడ అనవసరం. చిత్తూరుకూ తిరుపతికీ మధ్య రోడ్డు మీద వున్నదని చెబితే చాలు. ఆ సర్వరులో ఏముందో మాత్రం చెప్పాలి. మా వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఏటా భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరినాడు, నేల మీద మట్టితో పోసిన కొండంత దుర్యోధనుడి బొమ్మ చుట్టూ భీముడూ దుర్యోధనుడూ గదలు పట్టి తిరుగుతారు. మేము చూసిన మేళాలలో ఆ వేషాలు కట్టేవాళ్ళు చాలామంది పగలు కూలికి పోయేవాళ్ళే. వాళ్ళ పద్యాలలో సగం అచ్చులో ఎక్కడా దొరకవు. తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి వచ్చినవి. 2012 నుంచి మా విద్యార్థులు ఊరూరా తిరిగి వాటిని రికార్డు చేశారు. పాడినవాళ్ళలో కొందరు కరోనా యేళ్ళలో పోయారు. ఒక శకుని వేషగాడు మరీ చిత్రమైన మనిషి. జూదం ఘట్టంలో పాచికలు వేస్తూ ఆ యేటి టమోటా ధర కూడా కలిపి పాడేవాడు. ఆయన ఇప్పుడు లేడు. ఆయన గొంతు ఆ సర్వరులో వుంది.

నకలు తీసి పెట్టుకోలేదా అని పాఠకులు అడుగుతారు. తీశాం, 2021లో ఒకసారి, సగం. మిగతా సగం 'వచ్చే వారం' తీయవలసి వుండింది. ఆ వచ్చే వారం మూడేళ్ళ దాకా రాలేదు. ఈ తప్పు నాదే. దీన్ని ప్రభుత్వం మీదకో, సామ్రాజ్యవాదం మీదకో నెట్టడానికి వీలులేదు.

యంత్రం 2009 నాటిది. పొరుగు రాష్ట్రంలోని ఒక కంపెనీ ఏడేళ్ళు వాడుకుని, పనికిరాదని తీసేసినప్పుడు 2016లో మాకు ఉచితంగా వచ్చింది. దాంట్లో రెండు రకాల డిస్కులు వున్నాయి. కంప్యూటరును లేపే వ్యవస్థ ఒక చిన్న డిస్కు మీద వుండేది. రికార్డింగులన్నీ విడిగా, ఒక కార్డు పెత్తనం కింద వుండే అయిదు డిస్కుల మీద. ఒక్కొక్కటి 300 గిగాబైట్లు. అయిదూ కలిపి 1500 కావలసింది, 1200 మాత్రమే వాడుకోవచ్చు. మిగిలిన 300 భద్రతకు. అయిదింటిలో ఏ ఒక్కటి చెడినా, మిగిలిన నాలుగింటి నుంచి లెక్కగట్టి దాన్ని తిరిగి పుట్టించవచ్చునన్నమాట. ఏర్పాటు గొప్పదే. కాని దీనికి ఒక ఫలితం వున్నది: ఏ పాటా ఏ ఒక్క డిస్కులోనూ వుండదు. ముక్కలు ముక్కలై అయిదింటి మీదా పరచుకుని వుంటుంది. ఏ ముక్క తరవాత ఏ ముక్కో ఆ కార్డుకే తెలుసు.

తాళ్ళపాక వారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలో ఒక చీకటి అరలో శతాబ్దాల పాటు పడివుండి, 1920ల్లో వెలుగులోకి వచ్చాయని మనందరికీ తెలుసు. ఆ రేకును వెలుతురులోకి తెచ్చాక చదవడానికి ఒక కన్నూ, తెలుగు లిపి జ్ఞానమూ చాలు. మా డిస్కును వెయ్యి వెలుతురుల్లో పెట్టినా ఒక్క అక్షరం కనిపించదు. మన కాలం తన జ్ఞాపకాన్ని ఎటువంటి వస్తువు మీద రాసుకుంటున్నదో ఒక్కసారి ఆలోచించండి.

సరే, జరిగింది ఏమిటంటే, మే నెల ఎండల్లో కరెంటు పోతూ వస్తూ వున్న ఒక రోజు ఆ చిన్న డిస్కు చచ్చింది. దాని మీద వున్నది సెంటాస్ 7. ఎలాగూ 2024 జూన్ 30తో దానికి భద్రతా సవరణలు ఆగిపోతున్నాయి కనుక, కొత్త డిస్కు కొని, అదే కుటుంబానికి చెందిన కొత్త పంపిణీ ఒకటి వేశారు. కంప్యూటరు శుభ్రంగా లేచింది. పాటల డిస్కులు మాత్రం కనిపించలేదు. అయిదింటిలో ఒక్కటి కూడా లేదు.

పట్నం నుంచి ఒక సాంకేతిక నిపుణుడు వచ్చాడు. అరగంట చూసి, కార్డు కాలిపోయిందన్నాడు. పదిహేనేళ్ళ సరుకును ఇంకా వాడుతున్నందుకు మమ్మల్ని చూసి జాలిపడ్డాడు. కొత్త సర్వరుకు కొటేషను మర్నాడే వచ్చింది. డిస్కుల్లోని పాటల సంగతి అడిగితే, దానికి వేరే వాళ్ళుంటారు, వాళ్ళ రేటు వేరే అన్నాడు. మేము డిగ్రీలున్నవాళ్ళం. అందరం తల వూపాం.

వూపనివాడు ఒక్కడే. అతన్ని మేమందరం 'ల్యాబు అబ్బాయి' అంటాం. ఆ అబ్బాయికి ముప్పై ఆరేళ్ళు. పలమనేరు వైపు మనిషి, పాలిటెక్నిక్ డిప్లొమా, ఏడాదికొకసారి కాగితం తిరగరాసే కాంట్రాక్టు ఉద్యోగం. ఆయన వెళ్ళిపోయాక నా దగ్గరకు వచ్చి, "కార్డు కాలలేదు సార్. యంత్రం లేచేటప్పుడు కార్డు తన తెర తాను చూపిస్తా వుండాది. అయిదు డిస్కులూ బాగుండాయని అదే చెప్తా వుంటే కాలిపోయిందని ఎట్లా అనేది?" అన్నాడు. ఆ మాట నిపుణుడి ముందు ఎందుకు అనలేదని అడిగాను. "నన్నెవురు అడిగినారు సార్?" అన్నాడు.

ఆ మూడు రోజులూ అతని పక్కన కూర్చుని చూసినదాన్ని, తెలుగు మేష్టరుకు అర్థమైనంత మేరకు, ఇక్కడ చెబుతాను.

కంప్యూటరు నడిపే వ్యవస్థకు కెర్నెలు గుండెకాయ. కెర్నెలుకు కార్డు భాష రాదు. కార్డుకు కెర్నెలు భాష రాదు. మధ్య ఒక దుబాసీ వుండాలి. దాన్నే డ్రైవరు అంటారు. దుబాసీ లేకపోతే ఎదుటివాడు బతికి వున్నా మూగవాడి కిందే లెక్క. కనుక డిస్కు కనిపించనప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న 'కాలిపోయిందా?' అని కాదు, 'మాట్లాడించేవాడు వున్నాడా?' అని. దీన్ని తేల్చడానికి అతను చేసిన పని చాలా సులువైనది. డెబియన్ అనే మరొక పంపిణీని ఒక పెన్ను డ్రైవు మీదకు ఎక్కించి, సర్వరులో ఏమీ మార్చకుండా, ఆ పెన్ను డ్రైవు నుంచే యంత్రాన్ని లేపాడు. డిస్కుల సముదాయం వెంటనే కనిపించింది. కార్డుకు ఏ రోగమూ లేదు. రోగనిర్ణయానికి పట్టింది పది నిమిషాలు. లక్షల కొటేషనుకు పట్టింది అరగంట.

"మరింకేం, ఈ డెబియన్‌నే వేసెయ్యవయ్యా" అన్నాను. అతను ఒప్పుకోలేదు. విద్యార్థులకు నేర్పించిన ఆజ్ఞలూ, పాటల జాబితా నడిపే కార్యక్రమమూ, రాత్రిపూట పనులూ అన్నీ ఆ మరో కుటుంబపు పద్ధతిలో వున్నాయి. అది పైకి చెప్పిన కారణం. "మన కార్డును దీంట్లో ఎవురు, ఎందుకు కాదన్నారో తెలుసుకోవల్ల సార్" అన్నది అసలు కారణం. ఆ తెలుసుకోవాలనే పట్టుదల మా స్టాఫు రూములో ఎవరికీ కలగలేదన్నది ఇక్కడ రాసి తీరాలి.

ప్రతి కార్డుకూ రెండు సంఖ్యలు వుంటాయి. ఒకటి తయారు చేసిన కంపెనీది, రెండోది ఆ నమూనాది. మా కార్డు సంఖ్య 1000:0060. ఎల్‌ఎస్‌ఐ కంపెనీ చేసిన 1078 అనే చిప్పు అది. యంత్రం లేవగానే కెర్నెలు ప్రతి పరికరాన్నీ నీ సంఖ్య ఎంత అని అడుగుతుంది. ప్రతి డ్రైవరు దగ్గరా తాను ఎవరెవరితో మాట్లాడగలదో చెప్పే ఒక సంఖ్యల పట్టిక వుంటుంది. సంఖ్య పట్టికలో వుంటే జత కుదురుతుంది. లేకపోతే ఇద్దరూ ఒకే ఇంట్లో వుండి కూడా పలకరించుకోరు. మా కార్డుకు కావలసిన డ్రైవరు పేరు మెగారైడ్ ఎస్‌ఏఎస్. ఆ డ్రైవరు కొత్త పంపిణీలోనూ వుంది! అతను దాని పట్టికను తెర మీద పెట్టి, పక్కనే డెబియన్ పట్టికను పెట్టి, వేలితో వరసలు దిగుతూ వచ్చాడు. డెబియన్ పట్టికలో 0060 వుంది. కొత్తదాంట్లో ఆ వరస లేదు.

అంతే. కార్డు కాలలేదు, డిస్కు చెడలేదు, దుబాసీ చావలేదు. పట్టికలో నుంచి ఒక సంఖ్య కొట్టేశారు. మా ఊరి ముసలమ్మ ఒకామె పింఛను ఆగిపోయి ఆఫీసుకు వెళితే, "జాబితాలో పేరు లేదు, నువ్వు చనిపోయినట్టు వుంది" అన్నారట. "నేను నీ ముందరే నిలబడి వుండాను గదరా నాయనా" అని ఆమె గొడవపడింది. మా కార్డుకు గొడవపడే నోరు లేదు.

ఇది పొరపాటున జరిగిందని ఎవరూ అనుకోవద్దు. ఈ కుటుంబపు పంపిణీలన్నీ ఒక పెద్ద వాణిజ్య పంపిణీ మూలాల నుంచి పుడతాయి. 2019లో వచ్చిన దాని ఎనిమిదో సంచికలో, పాత నిల్వ కార్డుల సంఖ్యలు అనేకం ఇటువంటి డ్రైవర్ల పట్టికల నుంచి తీసేశారు. రహస్యంగా కాదు, విడుదల పత్రంలో అచ్చువేసే తీసేశారు. వాళ్ళ వాదన వినాలి. డబ్బు కట్టే ఖాతాదారులకు ఒక కార్డు పనిచేస్తుందని మాట ఇస్తే, పదేళ్ళ పాటు ప్రతి సవరణకూ ఆ కార్డును పరీక్షించాలి. పాత కార్డు పెట్టుకున్న ఖాతాదారు తక్కువ. పరీక్షకు అయ్యే శ్రమ మాత్రం అంతే. ఈ లెక్కలో దుర్మార్గం లేదు. కాని ఇది ఎవరి లెక్క? కొత్త యంత్రాలు కొనగలిగిన వాళ్ళ లెక్క. వాళ్ళు తీసేసిన యంత్రాలే మా వంటి చోట్లకు వచ్చి ఇంకో పదేళ్ళు బతుకుతాయి. ఆ రెండో బతుకు ఏ ఖాతా పుస్తకంలోనూ ఎక్కదు. కనుక 'పాతబడటం' అనే దాన్ని మనం ప్రకృతి ధర్మంగా భావించడం తప్పు. డిస్కు అరిగితే అది ప్రకృతి. సంఖ్య కొట్టేస్తే అది నిర్ణయం.

ఇక్కడ నా సంగతి కొంత ఒప్పుకోవాలి. స్వేచ్ఛా సాఫ్టువేరును గురించి తిరుపతిలో రెండు మూడు సభల్లో నేను వుపన్యాసం ఇచ్చినవాణ్ణి. రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేసిన ఎం.ఐ.టి. ప్రయోగశాలకు జిరాక్స్ కంపెనీ ప్రింటరు రావడం, దాన్ని సరిచేసుకోవడానికి మూలం అడిగితే ఇవ్వకపోవడం, ఆ పరాభవం నుంచి 1983లో గ్నూ ప్రకటన పుట్టడం, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును బయటపెట్టడం – ఈ కథ ఏ గుక్కకు ఎక్కడ చప్పట్లు పడతాయో నాకు తెలుసు. ఆ కథలో మొదటి తగాదా కూడా ఒక పరికరాన్ని మాట్లాడించే కార్యక్రమం గురించేనన్నది మాత్రం, మా ల్యాబులో కూర్చున్న ఆ రోజు దాకా నా బుర్రకు తట్టలేదు. ఆ ఉద్యమం గురించి అంత మాట్లాడినవాణ్ణి, ఆ మూలంలో ఒక్క వరస ఏనాడూ చదవలేదు. కవిత్వం చదవకుండా కవిత్వం మీద సిద్ధాంతాలు చేసే విమర్శకులను నేను ఎన్నోసార్లు ఎగతాళి చేశాను!

అతను మూలం తెరిచి చూపించాడు. ఫైలు తలమీద హక్కుల వరసలు వున్నాయి: ఎల్‌ఎస్‌ఐ, తరవాత అవాగో, తరవాత బ్రాడ్‌కామ్. 2014లో అవాగో ఎల్‌ఎస్‌ఐని కొన్నది. 2016లో బ్రాడ్‌కామ్‌ను కొని ఆ పేరే తాను పెట్టుకున్నది. యజమానులు ఇన్నిసార్లు మారినా ఆ కోడు మాత్రం జి.పి.ఎల్. లైసెన్సు కింద అందరి ముందూ వుండిపోయింది. టోర్వాల్డ్స్ నిర్వహించే అసలు కెర్నెలులో 0060 వరస ఇంకా చెక్కుచెదరలేదు. డెబియన్‌లో కనిపించింది అందువల్లే. మన మిత్రులు కొందరు దీన్ని ప్రజల సమష్టి సృష్టి అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సగమే నిజం. నేడు కెర్నెలులో చేరే మార్పులలో అధిక భాగం కంపెనీల జీతం మీద పనిచేసేవాళ్ళు రాసినవే. ఈ డ్రైవరు రాసినవాళ్ళూ జీతగాళ్ళే. శ్రమ జీతానిది, ఫలం మాత్రం బయటకు వచ్చి ఉమ్మడి ఆస్తి అయింది. పెట్టుబడి తన అవసరం కోసం వేసిన బాట మీద మనమూ నడవవచ్చు. అంతమాత్రాన అది మన కోసం వేసిందని పాటలు కట్టనక్కరలేదు.

ఆ తరవాత పని చప్పున సాగింది. ఎల్‌రెపో అని ఒక స్వచ్ఛంద బృందం వున్నది. ఈ కుటుంబపు పంపిణీలలో కొట్టివేతకు గురైన పరికరాల కోసం, పూర్తి పట్టికలున్న డ్రైవర్లను కట్టి ఉచితంగా ఇస్తుంది. మా కెర్నెలుకు సరిపోయే మెగారైడ్ పొట్లాన్ని దించి, వేసి, యంత్రాన్ని మళ్ళీ లేపాడు. 1200 గిగాబైట్ల ఆకారం ఒక్క వరసగా తెర మీద ప్రత్యక్షమైంది. దాన్ని తెరవబోతే, కరెంటు పోయిన రోజున అర్ధాంతరంగా ఆగిన రాతలున్నాయని గోల పెట్టింది. ఆ ఆగిపోయిన రాతల చిట్టాను చెరిపేసి తెరవడానికి ఒక మొరటు పద్ధతి వున్నది. ఫోనులో సలహా అడిగితే ఒక మిత్రుడు అదే చెప్పాడు. ఇతను వినలేదు. "చిట్టా చెరిపేది చివరాఖరి పని సార్. ముందు దాన్నే తన పని తాను పూర్తి చేసుకోనియ్యల్ల" అని మామూలుగా తెరిచాడు. చిట్టా తన బాకీలు తీర్చుకుంది. మరో అదృష్టం: ఆ కార్డులో రాతలను కాసేపు దాచుకునే చిన్న జ్ఞాపకశక్తి, దానికొక బ్యాటరీ వుంటాయి. మా బ్యాటరీ ఎన్నడో చచ్చింది. అందువల్ల కార్డు ఏదీ దాచుకోకుండా నేరుగా డిస్కుకు రాసేస్తూ వచ్చింది. ఇన్నేళ్ళూ ఇంత నెమ్మదేమిటని మేము తిట్టుకున్నది ఆ కారణంగానే. దాచుకునే అలవాటు పోయినందువల్ల పోగొట్టుకునేదీ లేకపోయింది.

రాతకు తావులేకుండా, చదవడానికి మాత్రమే మళ్ళీ తెరిచి, రెండు వేరువేరు డిస్కుల మీదకు నకలు మొదలుపెట్టాడు. రాత్రంతా నడిచింది. తెల్లవారుజామున ఒక ఫైలు వినిపించమన్నాను. పెట్రోమాక్సు లైటు బుస, కుక్కల అరుపు, ఆ వెనక పాచికలు గిలకరిస్తూ శకుని. టమోటా ధర కిలో రెండు రూపాయలకు పడ్డ యేడు అది. అతను నవ్వాడు, వాళ్ళ నాన్న ఆ యేడు పంట కోయకుండా తోట మీదికి గొర్రెలను తోలాడట.

మేము ఇదంతా ముగించాక తెలిసిన సంగతి ఒకటి వుంది. ఆ మే నెలలోనే వచ్చిన ఆల్మాలినక్స్ 9.4లో, మూల పంపిణీ కొట్టేసిన పాత పరికరాల మద్దతును చాలా డ్రైవర్లలో తిరిగి చేర్చారు. మెగారైడ్ ఎస్‌ఏఎస్ కూడా ఆ జాబితాలో వుంది. అంటే మా గోడు ఒక్క మాదే కాదన్నమాట. అడిగినవాళ్ళు ఎందరో వుండి వుండాలి.

పాటలు దక్కాయి కదా అని కథ ముగిసినట్టు చెబితే అబద్ధమవుతుంది. పంపిణీ ఆరు నెలలకొకసారి కొత్త ఉపసంచికకు మారుతుంది. అప్పుడు కెర్నెలు లోపలి అమరిక కదిలితే, బయటి నుంచి తెచ్చిన డ్రైవరు దానితో పొసగకపోవచ్చు. ఎల్‌రెపో వాళ్ళు కొత్త పొట్లం కట్టేదాకా ఆగాలి. కనుక సవరణ వచ్చిన ప్రతిసారీ ముందు చూడాలి, తరవాత వేయాలి, వేశాక సరిచూడాలి. మూలం చదివే హక్కు లైసెన్సు ఇస్తుంది. ఆరు నెలలకొకసారి కూర్చుని చూసే మనిషిని లైసెన్సు ఇవ్వదు. ఆ మనిషి జీతం ఎవరి పద్దులోనో వుండాలి. నా వుపన్యాసాలలో లేని భాగం ఇదీ.

అతను రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, చేసిన పనంతా తెలుగులో, తన మాటల్లో రాసిపెట్టాడు. మొదటి పేజీలో, "డిస్కు కనపడకపోతే భయపడేది లేదు. కార్డు నంబరు చూడు" అని వుంది. ముగ్గురు విద్యార్థులు ఆ పుస్తకం చూసి పని నేర్చుకుంటున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి అన్ని పేజీలకూ అంకెలు వేసి, వెనక ఒక అనుక్రమణిక కూడా తయారు చేసింది.

జరిగినదంతా రాసి, అతని కాంట్రాక్టు కొనసాగించమనీ, జీతం సవరించమనీ పాలక మండలికి ఒక అర్జీ పెట్టాను. పదకొండుగురు అధ్యాపకులు సంతకం చేశారు. పెట్టనివాళ్ళు, ఒక డ్రైవరు వేసినందుకు అర్జీలేమిటి అన్నారు. ఆ కాగితం ఇంకా పరిశీలనలో వుంది. కొత్త సర్వరు కొటేషను మాత్రం, పాతదానికి కాలం చెల్లినందువల్ల, సవరించిన ధరలతో నిన్న మళ్ళీ వచ్చింది.